బ్రెజిల్ లోపలి ఊళ్ళలో జంటగా నాలుగు రోజులు: టిరాడెంటెస్, డియమాంటినా, పిరెనోపోలిస్‌లలో ఏది?

ముందు క్యాలెండరు తీయండి, ఫొటోలు తర్వాత చూద్దురుగాని. బ్రెజిల్ లోతట్టు ప్రాంతంలో 18వ శతాబ్దపు బంగారు, వజ్రాల గనుల ఊళ్ళు చాలా ఉన్నాయి. ఫొటోలో అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. తెల్లటి గోడలు, రంగు కిటికీలు, రాళ్ళు పరిచిన వీధి, చివర్లో రెండు గోపురాల చర్చి. ఎక్కడికి వెళ్ళినా ఇదే కదా అనుకుని టికెట్ చవకగా దొరికిన ఊరు పట్టుకుంటే, మంగళవారం మధ్యాహ్నం మూసి ఉన్న రెస్టారెంట్ల ముందు తిరగాల్సి వస్తుంది. ఈ ఊళ్ళలో కొన్ని శుక్రవారం సాయంత్రం లేచి ఆదివారం మధ్యాహ్నం పడుకుంటాయి. కొన్ని వారమంతా మామూలుగా ఉండి సోమవారం మాత్రం తాళం వేసుకుంటాయి. కాబట్టి మీ దగ్గరున్న మూడు నాలుగు రోజులు వారంలో ఎక్కడ పడ్డాయి, మీరు దిగే విమానాశ్రయం ఏది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఊరు సగం తేలిపోయినట్టే.

ఇక్కడ పోల్చేవి ప్రధానంగా మూడు. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో టిరాడెంటెస్, డియమాంటినా. గోయాస్ రాష్ట్రంలో పిరెనోపోలిస్. అందరూ మొదట చెప్పే ఓరో ప్రేటో గురించి, ఎవరూ చెప్పని గోయాస్ పాత పట్నం గురించి కూడా కొంత ఉంటుంది.

దూరాల లెక్క

ఇండియా నుంచి బ్రెజిల్‌కు నేరుగా విమానం లేదు. హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా దుబాయ్, దోహా లేదా అడిస్ అబాబాలో మారి సావో పాలో గ్వారుల్యోస్‌లో దిగుతారు. అక్కడి నుంచి దేశీయ విమానం. పేర్ల తికమక ఇక్కడే మొదలవుతుంది. కొంగోన్యాస్ అనేది సావో పాలో నగరం మధ్యలో ఉన్న రెండో విమానాశ్రయం. అదే పేరుతో మినాస్‌లో ఒక ఊరు ఉంది. మినాస్ రాజధాని బెలో హొరిజోంటే విమానాశ్రయం పేరేమో కొన్ఫిన్స్. గ్వారుల్యోస్‌లో దిగి కొంగోన్యాస్ నుంచి బయల్దేరే కనెక్షన్ కొన్నారంటే సావో పాలో ట్రాఫిక్‌లో పెట్టెలతో నగరం దాటాలి. టికెట్ కొనేటప్పుడు ఊరి పేరు చూసి వదిలేయకండి, రెండు చోట్లా విమానాశ్రయం పేరు ఒకటేనా అన్నది చూడండి.

మినాస్ ఊళ్ళకు గుమ్మం బెలో హొరిజోంటే. కొన్ఫిన్స్ విమానాశ్రయం నగరానికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సులు మాత్రం నగరం నడిబొడ్డున ఉన్న బస్టాండ్ నుంచే కదులుతాయి. అంటే ఏ ఊరికైనా బస్సులో వెళ్తే ముందు నగరంలోకి వెళ్ళడానికి గంట, బస్సు కోసం ఇంకో గంట పోతాయి. ఓరో ప్రేటోకు నగరం నుంచి సుమారు 100 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు. టిరాడెంటెస్‌కు 190 కిలోమీటర్లు, మూడున్నర నాలుగు గంటలు. డియమాంటినాకు 290 కిలోమీటర్లకు అటూ ఇటూ, బస్సులో ఐదు గంటలు. డియమాంటినా ఉత్తరాన ఉంది కాబట్టి విమానాశ్రయం నుంచి బస్టాండ్‌కు దక్షిణంగా వెళ్ళి, మళ్ళీ అదే దిక్కుకు వెనక్కి రావాలి. విమానాశ్రయంలోనే కారు అద్దెకు తీసుకుంటే ఆ అదనపు తిరుగుడు తప్పుతుంది. మూడు ఊళ్ళలో కారు వల్ల ఎక్కువ సమయం కలిసొచ్చేది ఇక్కడే.

పిరెనోపోలిస్‌కు గుమ్మం బ్రెజిలియా. అక్కడి నుంచి సుమారు 150 కిలోమీటర్లు, కారులో రెండు రెండున్నర గంటలు, బస్సులో మూడు. గోయానియా వైపు నుంచి అయితే ఇంకొంచెం దగ్గర. మందుల పరిశ్రమకు పేరున్న అనాపోలిస్ కూడా ఈ దారిలోనే ఉంది. ఫార్మా పని మీద అక్కడికి వచ్చే మన హైదరాబాద్ వాళ్ళకు వారాంతంలో చేతికందే దూరంలో ఉన్న మంచి ఊరు పిరెనోపోలిసే. వాళ్ళు ఇక ఈ పోలికంతా చదవక్కర్లేదు.

రియో నుంచి వచ్చేవాళ్ళకు టిరాడెంటెస్ సుమారు 330 కిలోమీటర్లు. సావో పాలో నుంచి 480 వరకూ ఉంటుంది. సావో పాలోలో ఉద్యోగం చేస్తూ గురువారం రాత్రి బస్సెక్కి శుక్రవారం పొద్దున్నే దిగాలనుకునేవాళ్ళు పక్క ఊరు సావ్ జొవావ్ దెల్ రేకు టికెట్ తీసుకోవాలి. పెద్ద బస్టాండ్ అక్కడ ఉంది. అక్కడి నుంచి టిరాడెంటెస్‌కు లోకల్ బస్సులో అరగంట. కౌంటర్లో ‘టిరాడెంటెస్’ అంటే ఒక్కోసారి అర్థం కాదు, అక్కడివాళ్ళు పలికేది చిరాడెంచిస్ అని.

బస్సు టికెట్ల వెబ్‌సైట్లలో కొన్ని సీపీఎఫ్ అనే బ్రెజిల్ పన్ను నంబర్ అడుగుతాయి. పాస్‌పోర్ట్ నంబర్ తీసుకోకపోతే గొడవ పడకండి, బస్టాండ్ కౌంటర్లో పాస్‌పోర్ట్ చూపించి కొనండి. అసలు పాస్‌పోర్ట్ ప్రయాణంలో దగ్గరుండాలి, ఎక్కేటప్పుడు చూస్తారు.

ఇంకో మాట. నాలుగు రోజుల్లో రెండు ఊళ్ళు వద్దు. డియమాంటినా ఉత్తరం, టిరాడెంటెస్ దక్షిణం. రెండూ కలిపితే విమానాశ్రయం నుంచి అటు ఐదు గంటలు, అక్కడి నుంచి ఇటు తొమ్మిది, తిరిగి విమానాశ్రయానికి నాలుగు. పద్దెనిమిది గంటలు సీట్లోనే. ఐదారు రాత్రులు ఉంటే ఓరో ప్రేటో, టిరాడెంటెస్ కలపొచ్చు. రెంటి మధ్యా కారులో మూడు గంటలు. దానికి సూటి బస్సు వెతుక్కుంటూ కూర్చోకండి, కారో ట్యాక్సీనో మాట్లాడుకోండి.

టిరాడెంటెస్: శుక్రవారం నుంచి ఆదివారం వరకు

బ్రెజిల్‌లో జంటల ఊరు అంటే మొదట వినిపించే పేర్లలో ఇదొకటి. ఊరు చాలా చిన్నది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై నిమిషాల నడక. మిగతా గనుల ఊళ్ళతో పోలిస్తే ఎత్తుపల్లాలు తక్కువ. ఒక్క సాంతో ఆంటోనియో చర్చికి మాత్రం ఏటవాలు ఎక్కాలి. పైకెక్కాక వెనక్కి తిరిగి చూస్తే సావ్ జొజె కొండల వరుస ఊరికి గోడ కట్టినట్టు కనిపిస్తుంది. చర్చి లోపల 1788 నాటి ఆర్గాన్ వాద్యం ఉంది.

సావ్ జొవావ్ దెల్ రే నుంచి టిరాడెంటెస్‌కు నడిచే ఆవిరి రైలు ఈ ఊరికి పెద్ద ఆకర్షణ. 1881లో చక్రవర్తి రెండవ పెద్రో ప్రారంభించిన లైను. దూరం 12 కిలోమీటర్లు. పట్టాల మధ్య వెడల్పు సుమారు 76 సెం.మీ., దాదాపు మన నేరోగేజ్ అంతే. ప్రధానంగా వారాంతాల్లో, సెలవు రోజుల్లో నడుస్తుంది. వేళలు సీజన్‌ను బట్టి మారతాయి. రానూ పోనూ రెండూ రైల్లోనే కొనడం కంటే, సావ్ జొవావ్‌లో ఎక్కి టిరాడెంటెస్‌లో దిగేలా ఒక్క వైపు చాలు. ఎందుకంటే ఎక్కే స్టేషన్లోనే రైల్వే మ్యూజియం, ఇంజన్ల షెడ్డు ఉన్నాయి. గంట ముందు వెళ్తే అవి చూడొచ్చు. దిగాక వెంటనే ఊళ్ళోకి పరుగెత్తకండి. ఇంజన్‌ను తిరుగుడు పళ్ళెం మీదకు ఎక్కించి దిక్కు మార్చే దృశ్యం చూడాలంటే స్టేషన్ దగ్గరే పది నిమిషాలు ఆగాలి. పొడుగు సెలవుల్లో టికెట్లు ముందే అయిపోతాయి.

ఈ ఊరితో వచ్చే చిక్కల్లా వారం మొదట్లోనే. సోమ, మంగళ, బుధవారాల్లో మంచి రెస్టారెంట్లు చాలావరకు మూసి ఉంటాయి, రైలు ఉండదు, వీధిలో మీరిద్దరే ఉంటారు. అదే కావాలనుకునేవాళ్ళకు గది సగం ధరకు రావొచ్చు, బేరం ఆడొచ్చు కూడా. భోజనం మాత్రం బస దగ్గరే దొరుకుతుందా అని అడిగి వెళ్ళాలి. రెండో చిక్కు ధర. మూడు ఊళ్ళలో ఖరీదైనది ఇదే, వారాంతానికి కనీసం రెండు రాత్రులు తీసుకోవాలంటారు. జూన్ 12 చుట్టూ ఇంకా పెరుగుతుంది. బ్రెజిల్ ప్రేమికుల దినం ఫిబ్రవరి 14 కాదు, జూన్ 12. కోర్పుస్ క్రిస్తి అనే గురువారపు సెలవు కూడా తరచు ఆ దగ్గర్లోనే పడుతుంది, దాంతో నాలుగు రోజుల వారాంతం తయారవుతుంది. జనవరిలో సినిమా ఉత్సవం, ఆగస్టులో వంటల ఉత్సవం జరుగుతాయి. ఆ రోజుల్లో ఊరు కిటకిటలాడుతుంది. తినడానికే వెళ్ళేవాళ్ళకు ఆగస్టు మంచిదే, ఏకాంతం కోసం వెళ్ళేవాళ్ళకు కాదు.

ఒక పూట బిషిన్యో అనే పక్క పల్లెకు పెట్టుకోండి. ఆరేడు కిలోమీటర్లు. చెక్క పని, నేత, పాత ఇంటి కలపతో చేసిన సామాను దొరుకుతాయి. టిరాడెంటెస్ నడి వీధి దుకాణాల్లో ఉన్న వస్తువే ఇక్కడ తక్కువకు వస్తుంది. బెలో హొరిజోంటే నుంచి కారులో వస్తున్నవాళ్ళు దారిలో కొంగోన్యాస్ ఊళ్ళో ఆగాలి. శిల్పి అలెయిజాదిన్యో చెక్కిన పన్నెండు మంది ప్రవక్తల సబ్బురాతి విగ్రహాలు చర్చి మెట్ల మీద ఆరుబయటే ఉన్నాయి. గంటన్నర చాలు. 1985లో యునెస్కో జాబితాలో చేరిన చోటు అది.

డియమాంటినా: ఒక శనివారం కోసం

ఇది వజ్రాల ఊరు. యునెస్కో గుర్తింపు 1999లో వచ్చింది. బ్రెజిలియాను కట్టించిన అధ్యక్షుడు జుసెలీనో కుబిషెక్ 1902లో పుట్టింది ఇక్కడే, ఆయన చిన్ననాటి ఇల్లు మ్యూజియంగా ఉంది. దూరం ఎక్కువ కాబట్టి విదేశీయులు తక్కువ. టిరాడెంటెస్‌ను అలంకరించి పెట్టినట్టు ఉంటుంది. ఇక్కడ మాత్రం జనం తమ పని తాము చేసుకుంటుంటారు. విశ్వవిద్యాలయం ఉంది, సంత ఉంది, చెప్పులు కుట్టే దుకాణం ఉంది. అది నచ్చే జంటకు మూడింటిలో ఇదే మేలు.

ఇంత దూరం వెళ్ళడానికి అసలు కారణం వెస్పెరాటా. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, నెలకు సుమారు రెండు శనివారాల రాత్రులు, కితాందా వీధిలో వాద్యకారులు ఇళ్ళ బాల్కనీల్లో నిలబడి వాయిస్తారు. సంగీత నిర్వాహకుడు కింద వీధి మధ్యలో నిలబడి పైకి చేతులూపుతుంటాడు. జనం ఇద్దరి మధ్యా బల్లల దగ్గర కూర్చుంటారు. ధ్వని నాలుగు వైపుల నుంచీ వస్తుంది, కాబట్టి బల్ల ఏ మూల దొరికిందన్నది పెద్ద విషయం కాదు. బల్లలు ముందే అమ్ముడవుతాయి, హోటళ్ళు రెండు రాత్రుల ప్యాకేజీతో కలిపి ఇస్తాయి. బల్ల దొరక్కపోతే చుట్టూ నిలబడి చూడొచ్చు, కాళ్ళు నొప్పులు తప్ప నష్టం లేదు. తేదీలు ఏడాదికోసారి ప్రకటిస్తారు. అవి చూడకుండా విమానం టికెట్ కొనకండి. వెస్పెరాటా లేని శనివారానికి డియమాంటినా కోసం పది గంటలు బస్సులో కూర్చోవాలా అంటే, మా మాట వద్దనే.

వెస్పెరాటా ఉన్న వారమైతే లెక్క ఇలా వేసుకోవచ్చు. శుక్రవారం సాయంత్రానికి చేరాలి. శనివారం పొద్దున ఆర్చీల పాత సంత భవనం దగ్గర మొదలుపెట్టి, గ్లోరియా ఇల్లు చూడాలి. వీధికి అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ళను మొదటి అంతస్తు ఎత్తులో కలిపే నీలం చెక్క వంతెన అక్కడ ఉంది. డియమాంటినా ఫొటో అంటే అందరికీ తెలిసింది అదే. తర్వాత కార్మో చర్చి. దాని గంటల గోపురం ముందు కాకుండా వెనక కట్టారు. బానిసగా పుట్టి, వజ్రాల గుత్తేదారు జొవావ్ ఫెర్నాందెస్ దె ఒలివేరా సహచరిగా మారిన షికా ద సిల్వా కోసమే అలా కట్టారని స్థానిక కథ. ఆమె ఇల్లు కూడా దగ్గర్లోనే ఉంది. మధ్యాహ్నం కునుకు తీసి రాత్రికి సంగీతం. ఆదివారం బిరిబిరి పార్కు: జలపాతాలు, 1876లో పెట్టిన బట్టల మిల్లు చుట్టూ మిగిలిన పల్లె. పన్నెండు పదిహేను కిలోమీటర్ల దూరం, కొంత మట్టి దారి. కారు లేకపోతే ట్యాక్సీని వేచి ఉండే గంటలతో సహా ముందే ధర మాట్లాడుకోవాలి, ఎందుకంటే అక్కడ ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడి ఇంకో బండి పిలవలేరు. అక్కడి నీళ్ళు టీ రంగులో ఉంటాయి. మురికి కాదు, కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే రంగు. సోమవారం తిరుగు ప్రయాణం.

కార్నివాల్‌కు మాత్రం ఇటు రావద్దు, ఓరో ప్రేటోకూ వెళ్ళొద్దు. రెండూ విద్యార్థుల ఊళ్ళు. ఆ నాలుగైదు రోజులు వీధుల్లో తెల్లవార్లూ డప్పులే. అది కావాలనుకుని వెళ్ళేవాళ్ళ సంగతి వేరు.

పిరెనోపోలిస్: నీళ్ళంటే ఇష్టమైతే

1727లో పుట్టిన ఊరు. చరిత్ర ఉంది, పాత చర్చి ఉంది. ఆ చర్చి 2002 సెప్టెంబరులో కాలిపోతే 2006కల్లా మళ్ళీ నిలబెట్టారు. కానీ జనం వచ్చేది జలపాతాల కోసం. ఊరి చుట్టూ చాలా ఉన్నాయి, దాదాపు అన్నీ ప్రైవేటు భూముల్లోనే. ప్రతి చోటా తలకు ఇంత అని ప్రవేశ రుసుము. దీన్ని లెక్కలో వేసుకోకుండా రోజుకు మూడు జలపాతాలు చూద్దామని బయల్దేరితే ఇద్దరికీ కలిపి గది అద్దెకు దగ్గర్లో పోతుంది. రోజుకు ఒకటి, పొద్దున తొమ్మిదికల్లా చేరి మధ్యాహ్నం దాకా ఉండడం మేలు. అబాదే, రొజారియో, లాజరో లాంటివి వేరు వేరు దారుల్లో ఉన్నాయి, కాబట్టి ఒకే దిక్కున ఉన్నవి ఎంచుకోవాలి. వాగఫోగో అనే ప్రైవేటు వనంలో అడవి దారి నడక అయ్యాక స్థానిక పండ్ల జామ్‌లు, చీజ్‌లతో పొడుగాటి ఫలహారం పెడతారు. మాంసం తినని జంటకు ఈ ఊళ్ళో హాయిగా తినగలిగే పూట అది.

ఇక్కడ కారు లేకపోతే కష్టం. డియమాంటినాలో కారు సమయం మిగులుస్తుంది, ఇక్కడ అది లేకపోతే పనే కాదు. చివరి కొన్ని కిలోమీటర్లు మట్టి దారి: ఆగస్టులో దుమ్ము, జనవరిలో బురద. చిన్న కారుకు పొడి కాలంలో ఇబ్బంది లేదు. బ్రెజిల్‌లో బండి కుడి వైపు నడపాలి. తాగి నడిపే విషయంలో సహనం సున్నా, ఒక్క గ్లాసు తాగి నడిపినా చట్ట ఉల్లంఘనే. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంచుకోండి. ఏవి కావాలో అద్దె సంస్థను బుకింగ్‌కు ముందే అడగండి.

వానాకాలం నవంబరు నుంచి మార్చి దాకా. జలపాతాలు అప్పుడే నిండుగా ఉంటాయి, అప్పుడే ప్రమాదం కూడా. మీరున్న చోట ఎండ కాస్తున్నా, పైన కొండల్లో వాన పడితే నీళ్ళు ఒక్కసారిగా మీదికొస్తాయి. గుర్తులు మూడు: తేటగా ఉన్న నీరు మట్టి రంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం. ఏ ఒక్కటి కనిపించినా చెప్పులు, బ్యాగు వెతుక్కోకుండా గట్టెక్కాలి, అది కూడా మీరు ఉన్న వైపు గట్టే. అవతలి ఒడ్డున బట్టలున్నాయని ప్రవాహం దాటడానికి ప్రయత్నించినప్పుడే మనుషులు కొట్టుకుపోతారు. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం, నీళ్ళు తగ్గుతాయి గానీ ఆగవు.

వారం మధ్యలో వెళ్ళేవాళ్ళకు మూడు ఊళ్ళలో ఇదే నయం. శని, ఆదివారాల్లో బ్రెజిలియా, గోయానియా జనం అంతా ఇక్కడే ఉంటారు. మంగళవారం జలపాతం దగ్గర మీతో పాటు ఇంకో నాలుగు జంటలుంటే ఎక్కువ. నడి వీధిలో కొన్ని రెస్టారెంట్లు మూసి ఉంటాయి, దానికి సిద్ధపడండి. ఈస్టర్ తర్వాత యాభై రోజులకు వచ్చే దివీనో పండుగలో గుర్రాల మీద మూర్లు (మధ్యయుగపు ముస్లింలు), క్రైస్తవుల మధ్య యుద్ధం ఆడతారు, ముసుగులు వేసుకున్నవాళ్ళు ఊరంతా తిరుగుతారు. చూడదగ్గది. గది మాత్రం నెలల ముందు పట్టుకోవాలి.

గోయాస్ పాత పట్నం బ్రెజిలియా నుంచి మూడు వందల కిలోమీటర్ల పైనే, గోయానియా నుంచి 140. కవయిత్రి కోరా కొరాలీనా ఇల్లు నది ఒడ్డునే ఉంది. ఆమె మొదటి పుస్తకం వచ్చేసరికి ఆమె వయసు డెబ్బై అయిదు దాటింది. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో బుధవారం అర్ధరాత్రి వీధి దీపాలు ఆర్పేసి కాగడాలతో సాగే ఊరేగింపు కోసమైతే వెళ్ళండి. ఊరు వేడి, ప్రశాంతం, చవక. మొదటిసారి వెళ్ళే జంటకు దూరం ఎక్కువ.

మరి ఓరో ప్రేటో?

చూడాల్సిన సరుకు ఎక్కువగా ఉన్నది నిజానికి ఇక్కడే. బ్రెజిల్‌లో యునెస్కో మొదట గుర్తించిన చోటు, 1980లో. అలెయిజాదిన్యో కట్టడం, చిత్రకారుడు అతాయిదే పైకప్పు చిత్రం ఒకే చర్చిలో కలిసిన సావ్ ఫ్రాన్సిస్కో ఒక్కటి చాలు. మంగళవారం నుంచి గురువారం దాకా మాత్రమే ఖాళీ ఉండి, కారు వద్దనుకునేవాళ్ళకు మా ఎంపిక ఇదే. సోమవారం చర్చిలు, మ్యూజియంలు చాలావరకు మూత. మిగతా రోజుల్లోనూ మధ్యాహ్న భోజన వేళ కొన్ని చర్చిలు తలుపులేస్తాయి.

కానీ ఏటవాలు ఏటవాలే. మ్యాప్‌లో అర కిలోమీటరు అని కనిపించే బస నిజంగా మోకాళ్ళు పట్టేసే ఎక్కుడు కావొచ్చు. బుక్ చేసే ముందు ఈ ఊళ్ళోనే ఉన్న టిరాడెంటెస్ అనే చౌరస్తా నుంచి ఎక్కాలా దిగాలా అని అడగండి. చక్రాల పెట్టె ఆ రాళ్ళ మీద దొర్లదు, చక్రం ఊడుతుంది. వీపు సంచి మేలు. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఊరు వదిలేసి టిరాడెంటెస్ తీసుకోండి. ఏ ఊరికైనా తోలు అడుగు చెప్పులొద్దు. తడిస్తే ఆ రాళ్ళు నున్నగా జారతాయి.

తిండి, బస, కరెంటు

శాకాహారులకు మినాస్ కష్టమని చెప్పేవాళ్ళు సగం నిజమే చెబుతారు. బెండకాయ, సీమ వంకాయ, గుమ్మడి, సన్నగా తరిగిన ఆకుకూర, బీన్స్, అన్నం, మొక్కజొన్న పిండితో మన సంకటిలా వండే అంగూ: సరుకంతా తెలిసినదే. చిక్కు కొవ్వుతో వస్తుంది. సంప్రదాయ వంటిళ్ళలో పంది కొవ్వుతో వండడం మామూలు. ఆకుకూరలో బేకన్ ముక్కలు, బీన్స్‌లో సాసేజ్ పడతాయి. ‘శాకాహారిని’ అంటే కోడి, హామ్ పెట్టేస్తారు. ‘సెమ్ కార్నే’ అన్నా చాలదు, వాళ్ళకు కార్నే అంటే ముందు గుర్తొచ్చేది గొడ్డు మాంసమే. విడివిడిగా చెప్పాలి: సెమ్ కార్నే, సెమ్ ఫ్రాంగో, సెమ్ బేకన్, సెమ్ లింగ్విసా, సెమ్ బాన్యా. చివరిది పంది కొవ్వు. బీఫ్ ఒక్కటే వద్దనుకునేవాళ్ళు ‘నావ్ కోమో కార్నే దె బోయ్’ అంటే సరిపోతుంది.

మధ్యాహ్నం కిలో లెక్కన తూచి ఇచ్చే రెస్టారెంట్లు వెతకండి. పళ్ళాలు ఎదురుగా ఉంటాయి, చూసి వడ్డించుకోవచ్చు. ఫెయిజావ్ త్రొపేరో, తూతూ అనే రెండు బీన్స్ వంటకాల్లో మాంసం, కొవ్వు తప్పవు, దాటేయండి. పావ్ దె కేజో అంటే చీజ్, కర్రపెండలం పిండితో చేసే గుండ్రటి రొట్టె, గుడ్డు పడుతుంది, మాంసం ఉండదు. వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది. కారం కావాలంటే నూనెలో ఊరేసిన మలగెత మిరపకాయలు బల్ల మీదే ఉంటాయి.

గోయాస్‌లో పెకీ అన్నం తప్పక ఎదురవుతుంది. పసుపు పచ్చటి పండు, ఘాటైన వాసన. గింజ చుట్టూ పలచటి గుజ్జు, దాని కిందే వందలాది సన్నని ముళ్ళు. కొరకకూడదు. చేత్తో పట్టుకుని ముందు పళ్ళతో పైపైన గీకాలి, పసుపు రంగు పోయి తెలుపు కనిపించగానే ఆపేయాలి. కొరికితే ముళ్ళు నాలుకలో దిగుతాయి, తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. గింజ లేకుండా గుజ్జు తీసి వండినది కూడా దొరుకుతుంది, మొదటిసారి అదే అడగండి.

కరెంటు సంగతి చాలామంది చూసుకోరు. మినాస్‌లో 127 వోల్టులు, గోయాస్, బ్రెజిలియాల్లో 220. మన ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, కెటిల్ 230కి చేసినవి. మినాస్‌లో పెడితే కాలిపోవు గానీ, వెయ్యి వాట్ల కెటిల్ మూడు వందల వాట్లకు పడిపోతుంది. నీళ్ళు మరిగేసరికి అరగంట పోతుంది, అన్నం ఉడకదు. పిరెనోపోలిస్‌లో అదే కుక్కర్ మామూలుగా పనిచేస్తుంది. ఫోన్ ఛార్జర్లకు ఎక్కడా బాధ లేదు. రెండు సన్నని పిన్నుల ప్లగ్ పడుతుంది, మన లావు మూడు పిన్నులది పట్టదు, అడాప్టర్ కావాలి.

జూన్, జులైలలో మినాస్ ఊళ్ళలో రాత్రి పది డిగ్రీల లోపుకు దిగొచ్చు. గదుల్లో హీటర్లు సాధారణంగా ఉండవు. ఉన్ని బట్టలు తీసుకెళ్ళండి, జంటకు గది తీసుకునేటప్పుడు ‘కజావ్’ మంచం ఉన్న గది అడగండి, లేకపోతే రెండు ఒంటరి మంచాలు ఇవ్వొచ్చు. స్నానానికి చాలా చోట్ల నీళ్ళు షవర్ తలలోనే వేడెక్కుతాయి. నీళ్ళు చల్లగా వస్తున్నాయని పంపు ఇంకా తిప్పితే ఇంకా చల్లబడతాయి. ధార తగ్గిస్తేనే వేడి పెరుగుతుంది. వేసవి, చలికాలం మీట మార్చాలంటే ముందు నీళ్ళు కట్టేయాలి.

డబ్బు: కార్డు దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది, యంత్రం ముందు ‘క్రెజితు’ అనండి. పిక్స్ అనే ఫోన్ చెల్లింపు స్థానిక బ్యాంకు ఖాతా లేనివాళ్ళకు సాధారణంగా పనికిరాదు. జలపాతాల గేట్ల దగ్గర, సంతలో, పల్లె ట్యాక్సీకి నోట్లు కావాలి, పెద్ద నగరంలోనే తీసి పెట్టుకోండి. బిల్లులో పది శాతం సర్వీస్ వేస్తారు, ఇంకా విడిగా టిప్ అక్కర్లేదు.

బయల్దేరే ముందు

ఇండియా పాస్‌పోర్ట్‌కు బ్రెజిల్ వీసా కావాలి, విమానం కొనేలోపే మొదలుపెట్టండి. పసుపు జ్వరం టీకా ఈ ఊళ్ళన్నింటికీ సిఫారసు చేస్తారు. అంతకంటే ముఖ్యం తిరుగు ప్రయాణం. బ్రెజిల్ నుంచి వచ్చేవాళ్ళ దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే ఇండియాలో దిగాక ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి ప్రయాణానికి వారం ముందు పరుగెత్తితే ప్రయోజనం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాస్‌పోర్ట్ తీసుకెళ్ళాలి, రోజులూ వేళలూ ముందే కనుక్కోండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్ళు, గర్భిణులు, అరవై దాటినవాళ్ళు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. వాళ్ళకు టీకా వద్దంటే మినహాయింపు సర్టిఫికెట్ రాయించుకోవాలి. అయితే ఇండియాలో దిగేటప్పుడు అది ఉన్నా ఆపే అవకాశం ఉంటుంది కాబట్టి, సెలవులో ఆ ఆరు రోజులు కూడా కలిపి పెట్టుకోవడం మంచిది.